తడిసిన వంట చీటీలు

బాయూ మిరాండ్,
సెప్టెంబర్ 9

నగరం మ్యూజియంలో తడిసినవి బాగుచేసే అయ్యగారికి,

నా పేరు ఎల్మీర్ గిద్రో. మీ పేరు నాకు తెలీదు. "తడిసిన కాగితాలు, ఫోటోలు పారేయకండి, మాకు రాయండి" అని చర్చి గోడకి అంటిస్తే చూసి రాస్తున్నాను. స్టాంపు ఒకటి చాలుతుందో లేదో అని రెండు అంటించాను. ఎక్కువైతే ఒకటి పీకి ఉంచుకోండి.

మోనా తుఫానుకి మా ఇంట్లో నడుం లోతు నీళ్లొచ్చాయి. మంచం పోయింది, సోఫా పోయింది, ఫ్రిజ్ తనంతట తనే వంటింట్లోంచి వరండాలోకి వెళ్లి నిలబడింది. వాటి గురించి కాదు నా బెంగ. నా వంట చీటీల గురించి. యాభై మూడేళ్ల నుంచి పోగేస్తున్నాను. మొత్తం నాలుగొందల పన్నెండు. ఈ కాలువ ఒడ్డున ఏ ఇల్లాలు ఏది బాగా వండినా అడిగి రాయించుకున్నాను, వాళ్ల చేత్తో, వాళ్ల సిరా పెన్నుతో. రాసిన వాళ్లలో సగం మంది ఇప్పుడు చర్చి వెనక గోరీల్లో ఉన్నారు. బిస్కెట్ డబ్బా తెరిచి చూస్తే చీటీలన్నీ కలిసి తడి ఇటుకలా ఒకటే ముద్ద. బూజు వాసన కూడా మొదలైంది.

ఓవెన్‌లో పెట్టనా? మా పక్కింటి అజెలీ వెర్రె ఎండలో పడెయ్యమంది. అజెలీ ఏం చెబితే అది చెయ్యకూడదని నాకు నలభై ఏళ్ల అనుభవం.

తొందరగా జవాబు రాయండి. నాకు తిండి సయించట్లేదు.

ఇట్లు, ఇంకా తడి ఆరని ఇంట్లోంచి,
ఎల్మీర్ గిద్రో

తా.క.: మా ఆయన ఓవీడ్ ఫోటో కూడా తడిసింది. దానికి తొందరేం లేదు. ఆయన బతికున్నప్పుడు కూడా దేనికీ తొందరపడేవాడు కాదు.


సెప్టెంబర్ 14

గౌరవనీయులైన ఎల్మీర్ గిద్రో గారికి,

మీ ఉత్తరం అందింది. ఒక స్టాంపు చాలు.

దయచేసి ఓవెన్ వద్దు. ఎండా వద్దు. అంటుకున్న చీటీలను విడదీయొద్దు, చిరిగిపోతాయి. ఆ ముద్దను ఉన్నదున్నట్టుగా మైనం కాగితంలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకడితే బూజు ఆగిపోతుంది. తర్వాత మా వ్యాన్ వచ్చి తీసుకెళుతుంది. నెమ్మదిగా ఆరబెట్టి ఒక్కొక్కటీ విడదీసే పని మాది.

భవదీయుడు,
డెస్మండ్ లావెల్
తడిసిన వస్తువుల విభాగం

తా.క.: ఫోటోకు కూడా ఇదే పద్ధతి.


బాయూ మిరాండ్,
సెప్టెంబర్ 20

డెస్మండ్ బాబుకి,

ఫ్రీజర్‌లో పెట్టమని సులువుగా రాశారు. ఫ్రీజర్ ఉంది, కరెంటేదీ? తుఫాను వెళ్లిన మర్నాడే వీధి వీధంతా ఫ్రీజర్లు ఖాళీ చేసి, ఉన్న రొయ్యలూ పీతలూ రోడ్డు మీదే వండుకుని తినేశాం. వీధి మొత్తానికి జనరేటర్ ఉన్నది ఒక్క ఇంట్లోనే. ఎవరింట్లోనో వేరే చెప్పాలా? అజెలీ ఇంట్లో.

ఆ డబ్బా అజెలీ ఇంటికి చేరకూడదు బాబూ. ఎందుకని అడగొద్దు. చివరికి మైనం కాగితం మీద ఇంకో కాగితం చుట్టి, పైన "చేప తలకాయలు, ఎరకి" అని రాసి ఇచ్చాను. అది ముక్కు మూసుకుని లోపల పడేసింది. నేను ఇంటికొచ్చి సుఖంగా కూర్చున్నాను.

మూడో రోజు దాని మొగుడు ఆ పొట్లం తీసుకుని పడవెక్కి వేటకి పోయాడు! నా యాభై మూడేళ్ల కష్టాన్ని గాలానికి గుచ్చడానికి! నేను రేవు దాకా పరిగెత్తిన పరుగు మా ఊళ్లో ఇంకో ఇరవై ఏళ్లు చెప్పుకుంటారు. పడవ ఆపించి, "అవి పాతబడ్డాయయ్యా, చేపలకి జబ్బు చేస్తుంది" అని లాక్కుని, మళ్లీ తీసుకెళ్లి దాని ఫ్రీజర్‌లోనే పెట్టాను. చేపల ఆరోగ్యం గురించి నాకెందుకంత బాధో ఆయనకి ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంకో మాట. ఆ చీటీల మీద అక్కడక్కడ పెన్సిల్‌తో నేను రాసుకున్నవి ఉన్నాయి. వాటిని తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు. వాటి సంగతి కొంచెం ప్రత్యేకంగా చూడండి. ఇంతకంటే కాగితం మీద పెట్టలేను.

ఇట్లు, రేవు దాకా పరిగెత్తి మోకాళ్లు వాచిన
ఎల్మీర్

తా.క.: ఓవీడ్ ఫోటోని కూడా ఫ్రీజర్‌లో పెట్టాను. ఆగస్టు ఉక్కపోతలో పోయిన మనిషి, పాపం, ఇన్నాళ్లకి చల్లబడ్డాడు.


అక్టోబర్ 12

గౌరవనీయులైన ఎల్మీర్ గారికి,

మా వ్యాన్ మీ పొట్లాన్ని భద్రంగా తెచ్చింది. పొట్లం మీద రాసింది చదివి మా వాళ్లు మొదట తెరవడానికి ఒప్పుకోలేదు.

పెన్సిల్ రాతల గురించి మీ ఆవేదన నాకు బాగా అర్థమైంది. ఇన్నేళ్లు మీ చేత్తో రాసుకున్న మాటలు పోతాయేమోనని ఏ మనిషికైనా బెంగ ఉంటుంది. నిశ్చింతగా ఉండండి. వాటిలో ఒక్క అక్షరం కూడా చెక్కుచెదరకుండా చూడమని ఇద్దరు మనుషులను ప్రత్యేకంగా పెట్టాను.

బాగుచేసిన వస్తువులన్నీ నవంబర్ 14 శనివారం మీ చర్చి హాల్లో బల్లల మీద పరుస్తాం. ఊరంతా వచ్చి ఎవరివి వాళ్లు గుర్తుపట్టి తీసుకోవచ్చు.

భవదీయుడు,
డెస్మండ్ లావెల్

తా.క.: మీరు మా డ్రైవర్‌కు పీతల గంబో పులుసు పెట్టారట. అతను ఇక్కడ రోజూ దాని గురించే మాట్లాడుతున్నాడు. మాకు పని సాగడం లేదు.


బాయూ మిరాండ్,
అక్టోబర్ 17

ఓరి నాయనా డెస్మండూ,

కొంప ఒకసారి మునిగింది చాలదా, మళ్లీ నువ్వు ముంచుతున్నావా? నేను ఆ రాతల్ని కాపాడమని అడగలేదయ్యా! చెరిపెయ్యమని అడిగాను! సిగ్గుతో సరిగ్గా రాయలేకపోయాను. ఇప్పుడు సిగ్గు లేకుండా రాస్తున్నాను, చదువు.

మా ఊళ్లో ఒక మర్యాద ఉంది. ఎవరైనా వచ్చి "ఇదెలా చేశావ్?" అని అడిగితే చెప్పననకూడదు. చీటీ రాసివ్వాలి. కానీ ఒక్కటి రాయకుండా మింగెయ్యాలి. అందరూ మింగుతారు, అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నేనూ అనలేదు. ఇంటికొచ్చి వండి, రుచి చూసి, వాసన పట్టి, ఏది మింగారో కనిపెట్టి చీటీ కింద రాసుకున్నాను. ఊరికే రాసుకున్నానా? కోపం కూడా కలిపి రాసుకున్నాను.

అజెలీ గంబో చీటీ కింద ఏముందో తెలుసా? "వెనిగర్ చుక్క మింగేసింది అజెలీ. దీనికి అబద్ధం వండడం కూడా చేతకాదు" అని ఉంది. సిడోనీ బాతు కూర చీటీ కింద "సిడోనీ వేసింది బాతు కాదు, కోడి" అని ఉంది. ఫాదర్ గారింట్లో వంటామె మిరపకాయ సాసు కింద "వంటామెది కొట్లో కొన్న సీసా. దేవుడికీ తెలుసు, నాకూ తెలుసు" అని ఉంది. ఇలాంటివి నాలుగొందలు!

వాటిని బల్లల మీద పరిస్తే ఈ వయసులో నేను ఊరు వదిలిపోవాలి. పలకరించే మనిషి లేకుండా ఈ తడి గోడల మధ్య ఎలా బతకను? నీకు పుణ్యముంటుంది, రబ్బరు పెట్టి తుడిచెయ్. చీటీలు పంపు, పెన్సిల్ వద్దు.

ఇట్లు, పరువు నీ చేతుల్లో పెట్టిన
ఎల్మీర్

తా.క.: ఈ ఉత్తరం చదివాక చింపెయ్. తడిస్తే మాత్రం బాగుచెయ్యకు.


నవంబర్ 12

గౌరవనీయులైన ఎల్మీర్ గారికి,

మీ ఉత్తరం నెల్లాళ్లు పోస్టులో తిరిగి ఇవాళే చేరింది. మరమ్మతుకని మూసిన మీ ఊరి వంతెనను నిన్ననే మళ్లీ తెరిచారు. అదే వంతెన మీదుగా వెళ్లడానికి మా వ్యాన్ ఈ ఉదయమే బయలుదేరిపోయింది.

ఒక విషయం చెప్పడానికి నాకు మాటలు రావడం లేదు. సిరా నీళ్లలో కరుగుతుంది. పెన్సిల్ రాత కరగదు. చీటీలన్నీ ఒక్కటీ చిరగకుండా విడివడ్డాయి. కానీ సిరాతో రాసిన వంటలు మొత్తం కొట్టుకుపోయాయి. నాలుగు వందల పన్నెండు చీటీల మీద ఇప్పుడు మిగిలింది మీ పెన్సిల్ రాతలు మాత్రమే. మునుపటికన్నా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

క్షమించమని అడిగే ధైర్యం కూడా లేదు.

భవదీయుడు,
డెస్మండ్ లావెల్

తా.క.: ఇప్పుడు అడగకూడదని తెలుసు. వీలైతే ఆ పీతల గంబో ఎలా చేయాలో రాసి పంపగలరా?


బాయూ మిరాండ్,
నవంబర్ 24

నాయనా డెస్మండ్,

బతికే ఉన్నాను. శనివారం నీ ఉత్తరం అందాకే హాలుకి వెళ్లాను. వెళ్లకపోతే నేను లేకుండా చదువుతారు, అది ఇంకా ఘోరం. తలుపు దగ్గరే నిలబడ్డాను, పారిపోవడానికి వీలుగా.

బల్లల మీద అన్నీ తెల్లగా పరిచి ఉన్నాయి. అజెలీ కళ్లజోడు పెట్టుకుని, తన పేరు ఎక్కడుందో వెతుక్కుని, గొంతెత్తి చదివింది. చదివి నా వైపు తిరిగి, "ఆ వెనిగర్ సంగతి నీకెవత్తె చెప్పిందే? ఎవరికీ చెప్పనని మా అమ్మకి ఒట్టేశాను!" అని అరిచింది.

అంతే. హాల్లో ఆడాళ్లందరూ ఒక్కసారిగా, "ఓహో, వెనిగరా!"

అజెలీ నోరు మూసుకుంది, కానీ ఏం లాభం? సిడోనీ లేచి, "మరి నాకు నిమ్మరసమని రాసిచ్చావేమే?" అంది. అజెలీ ఊరుకుంటుందా? సిడోనీ చీటీ లాక్కుని చదివి, "కోడా? పదకొండు ఈస్టర్లు నీ బాతు తిని దేవుడికి దణ్ణం పెట్టుకున్నానే నేను!" అంది. ఇంక చూడు. నన్ను తిడదామని ఎవరు నోరు తెరిచినా వాళ్ల గుట్టే బయటపడుతుంది. తిట్టని వాళ్లేమో తేలు కుట్టిన దొంగల్లా చీటీ జేబులో దాచుకుంటున్నారు. ఫాదర్ గారు తన వంటామె చీటీ చదివి, ఆమె వైపు చూసి, పైకి చూశారు. గంటసేపు ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు. నన్ను తిట్టడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

అప్పుడు ఇనెజ్ నా దగ్గరకొచ్చింది. నా నేస్తం క్లోటిల్డ్ కూతురు. తల్లి పోయి పంతొమ్మిదేళ్లయింది. దాని చేతిలో వాళ్లమ్మ అత్తిపళ్ల కేకు చీటీ ఉంది. వాళ్లమ్మ రాత పూర్తిగా పోయింది. కింద నేను రాసింది మాత్రం ఉంది: "నల్ల మిరియాలు, చివర్లో. క్లోటిల్డ్ చెప్పలేదు, నా ముక్కు చెప్పింది."

"అమ్మ రాత పోయిందే తల్లీ, నా కూతలు మిగిలాయి" అన్నాను.

"పిండీ గుడ్లూ అందరికీ తెలిసినవే పిన్నీ" అంది. "పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నాను, ఒక్కసారీ అమ్మ కేకు కాలేదు. నాకు తెలీనిది ఇదొక్కటే."

చీటీ పట్టుకుని అక్కడే కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. హాల్లో గొడవ సద్దుమణిగింది. తల్లుల్ని పోగొట్టుకున్న పిల్లలు ఒక్కొక్కరే బల్లల దగ్గరికొచ్చారు. పొద్దుపోయేదాకా వెతుక్కున్నారు.

ఊరు వదలక్కర్లేదనుకుంటాను. మొన్న ఆదివారం పాతికమంది మా ఇంటికొచ్చారు. గోడలకింకా చెమ్మే. కుర్చీలు వాళ్లే మోసుకొచ్చారు. పోయిన చీటీలన్నీ కొత్తగా రాసిస్తామన్నారు. "ఈసారి ఒక్కటి కూడా మింగం, దేవుడి తోడు" అని అజెలీ అందరిచేతా ఒట్టేయించి, తన గంబో తనే ముందు రాసిచ్చింది.

నిన్న చీటీ ముందు పెట్టుకుని వండాను. వెనిగర్ ఉంది. మూడుసార్లు నాలిక్కి రాసుకుని చూశాను. ఇంకేదో లేదు.

ఇట్లు, రేపు మళ్లీ వండి చూడబోయే
ఎల్మీర్

తా.క.: నువ్వడిగిన పీతల గంబో చీటీ ఇందులోనే పెట్టాను. నీ దగ్గర దాపరికమేముంది, అంతా రాశాను. సరిగ్గా కుదరకపోతే తప్పు మీ ఊరి పీతలదే.