ఫ్లెక్సీలో నా నవ్వు

మంగళవారం

ఆత్మకూరు బస్టాండులో పార్టీ వాళ్ల ఫ్లెక్సీ మీద నన్ను నేనే చూసుకున్నాను. గొర్రెపిల్లను ఎత్తుకుని నవ్వుతున్నాను. పక్కన ‘కాలవ నీళ్లతో మా చేను పండింది’ అని రాసి ఉంది. మా ఊరికి కాలవే రాలేదు.

ఆ ఫొటో తీసింది ఆ పార్టీలోనే తిరిగే మా తమ్ముడి కొడుకు శీనయ్య. ఆ రోజు గొర్రె కవలలను ఈనిందని నవ్వాను. ఫోను చేసి అడిగితే, ‘నీళ్లు రేపోమాపో వస్తాయిలే పెదనాయనా, అట్టా నవ్వే మొగం ఇంకోటి దొరకలా’ అన్నాడు.

ఇంతలో మస్తానయ్య వచ్చాడు. కాలవ కోసం ధర్నాలో నా పక్కనే కూర్చునే మనిషి. ‘నీ ఒక్కడి చేలోకే వచ్చినాయంట్రా నీళ్లు?’ అన్నాడు. వాడు పైకి చూశాడు. అక్కడ నేను నవ్వుతూనే ఉన్నాను.

రేపు ధర్నాకు పోయి ఎవరి పక్కన కూర్చోవాలో...