ఈసారి మంద వెంట నేనూ వస్తాను

కుప్పం,
ఆదివారం.

నాయనకు, అమ్మకు, అవ్వకు నాగవేణి దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగున్నాను. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను, ఒంట్లో నలత ఏమీ లేదు. ఇంట్లో అందరూ బాగున్నారా? అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ దగ్గు నిజంగానే పోయిందా, లేక ఫోన్లో నాకు వినిపించకుండా కొంగు అడ్డం పెట్టుకుంటోందా? చెవి తెగిన గొర్రె ఈనిందా? పిల్ల పాలు తాగుతోందా? ఇవన్నీ నాకు తెలియాలి.

నాయనా, ఫోనుండగా ఈ పిల్లకు ఉత్తరం ఎందుకు అనుకుంటావని తెలుసు. ఫోన్లో నువ్వు మాట్లాడేది మూడు ముక్కలు. "తిన్న్యావా? బాగుండావా? సరే, అమ్మకిస్తాండా." అంతటితో నీ పని అయిపోతుంది. ఈసారి నీతో చెప్పాల్సింది చాలా ఉంది. మధ్యలో అమ్మ చేతికి ఇచ్చేసి పోవడానికి వీల్లేకుండా కాగితం మీద పెడుతున్నాను. నువ్వు చదివింది ఐదో తరగతే అయినా, బస్సులో పోతూ గోడల మీద రాసినవన్నీ పైకి చదువుతావు. నీకోసమే అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. నిదానంగా చదువు. అమ్మకు వినబడేట్టు చదువు.

ఇక్కడ పగలు ఎండ మొదలైంది కానీ పొద్దున పూట చలి ఇంకా పోలేదు. మన పుంగనూరు చలి దీని ముందు లెక్కే కాదు. హాస్టల్లో ఇచ్చిన దుప్పటి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అటక మీదున్న పాత కంబళి ఎవరైనా ఇటు వస్తుంటే పంపండి. గుచ్చుకుంటుందని చిన్నప్పుడు ఏడ్చి గోల చేసిన కంబళే. ఇప్పుడు గుచ్చుకున్నా పర్వాలేదు.

తిండికి లోటు లేదు, దిగులుపడొద్దు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, సాంబారు, రాత్రి మళ్లీ అదే సాంబారు. మా గదిలో ఉండే సెల్వి తమిళనాడు సరిహద్దు పిల్ల. తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడుతుంది. ఆ సాంబారంటే ప్రాణం పెడుతుంది. నాకు మాత్రం సంగటి మీదికే మనసు పోతుంది. వేడి సంగటి ముద్ద, మధ్యలో గుంట చేసి నెయ్యి, పక్కన అమ్మ నూరిన ఊరిబిండి. రాస్తుంటేనే నోట్లో నీళ్లూరుతున్నాయి. అమ్మా, కంబళితో పాటు ఊరిబిండి కూడా ఒక డబ్బాలో పెట్టి పంపు. కారం తగ్గించొద్దు.

చదువు సంగతి చెబుతాను. మదనపల్లెలో మూడేళ్ల డిగ్రీ అయ్యాక మళ్లీ ఈ నాలుగో ఏడెందుకని ఊళ్లో అందరూ నిన్ను అడిగారు కదా. "ఆనర్సంట. దాంట్లో ఏముంటాదో నాకేం తెలుసు, నా కూతురికి తెలుసు" అని నువ్వు వాళ్ల నోళ్లు మూయించావని అమ్మ చెప్పింది. ఇప్పుడు నీకూ తెలియాలి. సోషియాలజీ అంటే మనుషులు కలిసి ఎట్లా బతుకుతారు, ఏ ఆచారం ఎందుకు పెట్టుకున్నారు, ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారు, ఇవన్నీ తెలుసుకునే చదువు. ఆనర్స్ ఏడాదిలో తరగతులు తక్కువ. ఒక్కొక్కరూ ఒక విషయం ఎంచుకుని, ఊళ్లల్లో తిరిగి, మనుషులతో మాట్లాడి, పెద్ద వ్యాసం రాయాలి. అదే మాకు పరీక్ష లాంటిది. బాగా రాసినవాళ్లకు పై చదువుకు దారి దొరుకుతుంది.

మొదట్లో నాకు ఇక్కడ ఏమీ తోచలేదు నాయనా. మీకు చెప్పలేదు కానీ మొదటి వారాలు సెల్వి నిద్రపోయాక గోడవైపు తిరిగి ఏడ్చేదాన్ని. ఒకరోజు హాస్టల్ వెనక రోడ్డు మీద ఎవరిదో మంద పోతుంటే ఆ అరుపులు విని చేతిలో పళ్లెం పక్కన పెట్టి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. దుమ్ము లేచింది, ఉన్ని వాసన వచ్చింది. అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం ఆ మంద మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డావని సెల్వి అడిగితే ఊరికే అన్నాను.

ఎందుకు అట్లా అన్నానో నీకు తెలుసు. నన్ను ఇక్కడ చేర్చడానికి వస్తూ పలమనేరు బస్టాండులో బస్సు మారినప్పుడు నువ్వు చెప్పిన మాట వల్లే. "ఆడ మీ నాయన ఏం జేస్తాడని యెవురన్నా అడిగితే సేద్యమని చెప్పు. గొర్రెల మాట ఎత్తొద్దు." నేను ఎందుకని అడగలేదు. పుంగనూరు బడిలో పిల్లలు నీ కంబళి, కర్ర చూసి నా వెనక మే మే అని అరిచినప్పటి నుంచి నువ్వు బడి గేటు దగ్గరికి రావడం మానేశావు. మలుపు దగ్గరే నిలబడేవాడివి. కూతురి చేతికి కర్ర రాకూడదని, కూతురి ఒంటికి మంద వాసన అంటకూడదని నన్ను దొడ్డి దగ్గరికి కూడా రానీయలేదు. అందుకే నువ్వు చెప్పినట్టే చేశాను. అందరితో సేద్యమనే చెప్పాను.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. పోయిన వారం మా మేడం మమ్మల్ని ఇక్కడికి దగ్గర్లో ఒక ఊరికి తీసుకుపోయింది. ప్రశ్నలున్న కాగితాలు ఇచ్చి ఇద్దరిద్దరిని ఒక్కో ఇంటికి పంపింది. మాట్లాడించడం అలవాటు కావాలని. నాకూ సెల్వికీ దొరికిన ఇల్లు గొర్రెలోళ్లది. ఇంటి పక్కనే ముళ్ల కంచె వేసిన దొడ్డి. మునెమ్మవ్వ అని ఒక ముసలామె గడపలో కూర్చుని ఉంది. నీళ్లిచ్చింది, చాప వేసింది. పేరు అడిగాను, చెప్పింది. పొలం ఉందా అని అడిగాను, చెప్పింది. కాగితంలో తర్వాతి ప్రశ్న ఏముందో అదే చదివేశాను. "గొర్రెలు ఎన్ని ఉన్నాయి అవ్వా?" అని.

నాయనా, నువ్వు ఇక్కడ తల పట్టుకుంటావని తెలుసు. అడిగిన మరుక్షణం నేనూ నాలుక కరుచుకున్నాను. మన ఇంట్లో ఆ మాట ఎవరం అడగం. సంతలో ఎవరైనా అడిగితే నువ్వు "ఏదో, నాలుగు ఉండాయిలే" అంటావు. దొడ్డి నిండా ఉన్నా నాలుగే. లెక్క బయటికి చెబితే దిష్టి తగిలి మంద తగ్గిపోతుందని అమ్మకు కూడా చెప్పవు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన నేను, చేతిలో కాగితం ఉంది కదా అని, పరాయి ఇంటి గడపలో కూర్చుని లెక్క అడిగాను!

అవ్వ మొహం మాడిపోయింది. లేచి లోపలికి పోయి ఉప్పు, ఎండు మిరపకాయలు పిడికిట్లో పట్టుకొచ్చింది. మమ్మల్ని చూడకుండా దొడ్డి చుట్టూ తిరిగి పొయ్యిలో పడేసింది. ఆ ఘాటుకు సెల్వి దగ్గి దగ్గి కళ్ల నీళ్లు పెట్టుకుంది. మమ్మల్ని పొగబెట్టి తరుముతున్నారనే అనుకుందట పాపం. అవ్వ నా ముందుకొచ్చి నిలబడింది.

"యేందమ్మే నువ్వడిగేది? గొర్రెలు సాకేటోళ్లను యాడా సూడనే లేదా నువ్వు?"

అప్పుడు నాకు రెండే దారులు. తల వంచుకుని తప్పయిందని లేచి రావడం ఒకటి. నిజం చెప్పడం రెండోది. మొదటిది ఎందుకో చేతకాలేదు.

"మాదీ గొర్రెలే అవ్వా. పుంగనూరు పక్క. మా నాయన మంద తోలతాడు" అన్నాను.

"అట్లయితే నీకు బుద్ధే లేదు!" అంది. "గొర్రెలోళ్ల బిడ్డవై ఉండి లెక్కడుగుతాండావా? మీ నాయన నేర్పించింది ఇదేనా?"

నన్ను తిట్టినంతసేపు నవ్వొచ్చింది కానీ నిన్ను అనేసరికి నాకు కోపం వచ్చింది. "మా నాయన నాకు గొర్రెల పని ఏదీ నేర్పలేదవ్వా. దొడ్డి దగ్గరికే రానీలేదు. సదువుకోమన్నాడు" అన్నాను. అవ్వ లోపలికి పోయి రెండు పళ్లేల్లో సంగటి తెచ్చి పెట్టింది.

"తిను. మీ నాయన మంచోడే. అయినా నేర్పకుండా ఉండకూడదు. నేను నా మొగునితో మంద వెంబడి పోయినదాన్నే. ఆ పొద్దు ఆడోళ్లం గూడా పోతాంటిమి" అంది.

ఆ తర్వాత పొద్దు వాలేదాకా మాట్లాడింది. ఏ రైతు చేనిలో మంద పెట్టేవాళ్లు, గొర్రెలు రాత్రంతా పడుకుని ఎరువేసిన నేలలో పంట ఎట్లా వచ్చేది, ఏ ఊళ్లో చేను గలవాళ్లు పిలిచి అన్నం పెట్టేవాళ్లు. కాగితంలోని ప్రశ్న ఒక్కటి కూడా నేను మళ్లీ అడగలేదు. సెల్వి కూడా సంగటి మొత్తం తినేసింది. సాంబారు అడగలేదు.

మరుసటి రోజు తరగతిలో ఎవరేం చూశారో చెప్పమంది మేడం. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. లెక్క ఎందుకు చెప్పరో నీకెట్లా తెలుసని మేడం అడిగింది. మా నాయన గొర్రెలు కాస్తాడని అందరి ముందూ చెప్పాను. ఎవరూ మే మే అనలేదు నాయనా. గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుంటే ఊరుకుంటుందా అని సెల్వి అడిగింది, అంతే. మేడం నన్ను ఆగమని, అందరూ పోయాక చెప్పింది. "నీ వ్యాసం ఇదే. మీ నాన్నగారు మంద తీసుకుని పోయేటప్పుడు ఆయన వెంట నడువు. చూసి, విని రాయి. కానీ ముందు ఆయన సరే అనాలి. ఆయన ఇష్టం లేకుండా ఒక్క అక్షరం రాయకూడదు. వచ్చే వారం చెప్పు."

అందుకే ఈ ఉత్తరం. శివరాత్రి దాటాక నువ్వు గుర్రంకొండ వైపు టమోటా రైతుల చేన్లలో మంద పెట్టడానికి పోతావు కదా. ఈసారి నేనూ వస్తాను. నన్ను రానియ్యి.

నువ్వు ఏమంటావో నాకు తెలుసు. "మగోళ్ల మధ్యన యాడ పండుకుంటావు?" అంటావు. అమ్మను కూడా తీసుకుపోదాం. అవ్వ దగ్గర చిన్నమ్మ ఉంటుంది. నువ్వక్కడ ఏం వండుకుని తింటావో ఒక్కసారి చూడాలని అమ్మ ఎన్నేళ్లుగానో అంటోంది. చేను గలవాళ్ల వసారాలో మేమిద్దరం పడుకుంటాం. ఎండకు తట్టుకోలేవంటావు. నీ కూతుర్ని, తట్టుకుంటాను.

కానీ నీ అసలు భయం ఇవేవీ కావు. ఇంత చదివించి మళ్లీ గొర్రెల వెనకే నడిపించాడని నలుగురూ అంటారని నీ భయం. అననీ నాయనా. నన్ను నీ పనికి దూరంగా ఉంచడానికి నువ్వు ఎంత కష్టపడ్డావో నాకు తెలుసు. ఆ కష్టం ఊరికే పోలేదు. నేను కర్ర పట్టుకోవడానికి రావడం లేదు. నీ పక్కన నడిచి, నీకు తెలిసింది నాలుగు పేజీల్లోనైనా పెట్టడానికి వస్తున్నాను. నువ్వు రాయొద్దన్నది రాయను. మన మంద లెక్క నిన్ను అడగను, ఎవరు అడిగినా చెప్పను.

నువ్వు వద్దంటే అలగను. మదనపల్లె టమోటా మార్కెట్లో గంపలెత్తే ఆడవాళ్ల మీద రాస్తాను. అదీ మంచి విషయమే, మార్కులూ వస్తాయి. కానీ పరాయివాళ్లందరి బతుకులు అడిగి తెలుసుకుని, మా నాయన ఎట్లా బతికాడో మాత్రం తెలియని చదువు నాకు ఎందుకు?

ఆలోచించి చెప్పు. ఫోన్లోనే చెప్పు, ఈసారి మాత్రం అమ్మ చేతికి ఇవ్వొద్దు. చిన్నాయనకు, చిన్నమ్మకు నా నమస్కారాలు. అవ్వ కాళ్లకు నూనె రాయండి. అమ్మా, దగ్గు తగ్గకపోతే ఆసుపత్రికి పో, కషాయంతో సరిపెట్టుకోవద్దు. మీ అందరి దీవెనలు ఉంటే ఈ ఏడాది బాగానే గట్టెక్కుతాను.

నాయనా, నా చిన్నప్పుడు మంద బయలుదేరే రోజు నేను వెంటపడి ఏడుస్తానని, నేను లేవకముందే నువ్వు పోయేవాడివి. లేచి పరుగెత్తుకొచ్చి చూస్తే దొడ్డి ఖాళీగా ఉండేది. అమ్మ ఎత్తుకుని ఎంత ఊరడించినా ఊరుకునేదాన్ని కాదు.

ఈసారి నన్ను లేపు నాయనా.

మీ బిడ్డ,
నాగవేణి