నాన్న గొంతు

తమ్ముడూ,

గొంతు మాట్లాడేవాళ్లదా, వినేవాళ్లదా అని ఏళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. ఆపరేషన్‌లో మీ బావగారి గొంతు తీసేసే నాటికి నీ మేనకోడలికి మాటలే రాలేదు. ఆయన టైపు చేస్తే పాత కంప్యూటర్ పలికే రేకు డబ్బా గొంతే దానికి నాన్న గొంతు.

ఇప్పుడా కంప్యూటర్ మాటిమాటికీ మధ్యలో ఆగిపోతోంది. కొత్త సిస్టమ్ వేస్తే ఆ గొంతు ఉండదని, అచ్చం మనిషిలా పలికేది వస్తుందని నువ్వన్నావు. "మామయ్యని రావద్దను" అని పిల్ల కీబోర్డును వాటేసుకుని ఒకటే ఏడుపు.

ఆయనేమో, "ఈ గొంతుతో నీతో పోట్లాడాలంటే నాకే నవ్వొస్తోందే, మార్పించెయ్" అని టైపు చేశారు.

ఆయన అసలు గొంతు గుర్తు చేసుకుందామంటే నాకూ ఆ డబ్బాయే వినిపిస్తోంది. ఆదివారం నిన్ను రమ్మనాలో, వద్దనాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

అక్క