పీపీ గిరీష్ ఇంటి ఉద్యోగం

జులై 5, 1998. ఆదివారం. జగ్గయ్యపేట.

సాధించాను! రేపటి నుంచి నా ఉద్యోగం ఇంట్లోనే!

విజయవాడ ఏజెన్సీ యజమాని చెన్నకేశవరావు గారు ఎట్టకేలకు ఒప్పుకున్నారు. తొమ్మిదేళ్ళుగా స్కూటర్ మీద నందిగామ, పెనుగంచిప్రోలు, వీరులపాడు తిరిగి, కిరాణా కొట్లలో సబ్బులకీ బిస్కెట్లకీ ఆర్డర్లు రాసుకున్నవాణ్ణి. ఇకమీదట అదే పని ఫోన్లో. పది నుంచి నాలుగు దాకా కొట్లవాళ్ళు నాకు ఫోన్ చేస్తారు, చేయని వాళ్ళకి నేను చేస్తాను. నాలుగున్నరకి లిస్టు విజయవాడ గుమాస్తాకి చదువుతాను. అంతే! నెల రోజులు చూస్తానన్నారు యజమాని.

ఇదంతా మా లహరి కోసం. దానికి మూడున్నరేళ్ళు. ఇన్నాళ్ళూ పగలు తన ఇంట్లో ఉంచుకుని చూసుకున్న దేవమణి, కూతురి పురుడని ఖమ్మం వెళ్ళిపోయింది. నీరజ నందిగామలో టీచరు. ఏడున్నర బస్సుకి వెళ్తే ఆరింటికి రాక. రెడ్డిగూడెంలో ఉన్న మా అత్తగారు సుబ్బమ్మ గారు తీర్పు చెప్పేశారు: "మీ వల్ల కాకపోతే పిల్లని నా దగ్గర వదలండి. బడికేసే ఈడొచ్చాక తీసుకెళ్దురు గాని."

రెడ్డిగూడెం అంటే రెండు బస్సులు మారాలి. పిల్ల మొహం నెలకోసారి చూడాలి. నేనుండలేను. ఈ నెల నెగ్గాల్సిందే.

నియమాలు:
1. పదికల్లా స్నానం, ఇస్త్రీ చొక్కా, ఫోన్ ముందు హాజరు.
2. రోజుకి పాతిక ఆర్డర్లు.
3. లహరికి టైముకి అన్నం, టైముకి నిద్ర.
4. పగటి కునుకు నిషేధం. (ఇది నీరజ రాయించింది.)

జులై 6, సోమవారం.

ఉ. 9.55. ఇస్త్రీ చొక్కా వేశాను. కింద లుంగీయే. ఫోన్లో కనపడదు కదా!

10.02. మొదటి కాల్ నందిగామ నుంచి. పది డజన్ల సబ్బులు! లహరి నా ఒళ్ళో కూర్చుని జడ విప్పేసుకుంటోంది. ఎండ లేదు, దుమ్ము లేదు, స్కూటర్ పంక్చర్ లేదు. ఇంత హాయి ఉద్యోగం లోకంలో ఇంకెవరికైనా ఉందా?

సా. 4.30. పద్దెనిమిది ఆర్డర్లు!! మొదటి రోజే!

6.10. నీరజ వచ్చి చుట్టూ చూసింది. "ఇల్లు ఇల్లులాగే ఉందే!" అంది. ఈవిడ నోటి నుంచి ఇంతకంటే పెద్ద మెప్పు పెళ్ళయ్యాక నేను వినలేదు.

జులై 7, మంగళవారం.

ఉ. 11.10. పక్కింటి పుష్పవతి గారు గుమ్మంలోంచి తొంగి చూశారు. జాకెట్లు కుడతారు. "తమ్ముడూ, పగలంతా ఇంట్లోనే ఉంటున్నావా! ఎంత చల్లటి మాట! మా చెల్లెలు కోదాడ నుంచి ఫోన్ చేస్తానంది. ఒక్క కేక వేస్తావా?"

వేయనంటానా? మా సందు మొత్తానికి ఫోన్ మా ఇంట్లోనే ఉంది. ఇన్నాళ్ళూ పగలు తాళం కాబట్టి ఎవరూ అడగలేదు. ఫోన్ మనది, కాల్ పక్కింటిది. దీన్నే పీపీ అంటారు. ఒక్క కాలే కదా!

సా. 4.30. పదిహేను ఆర్డర్లు. పర్వాలేదు.

జులై 9, గురువారం.

నిన్న పీపీ కాల్స్ నాలుగు, ఈరోజు తొమ్మిది. ఒక్కోదానికీ పద్ధతి ఇది: "లైన్లో ఉండండి" అనాలి, లహరిని చంకనెత్తుకోవాలి, సందు చివరిదాకా పరిగెత్తాలి, పిలవాలి, వాళ్ళు కొంగు సర్దుకుని వచ్చేదాకా ఆగాలి. ఈలోగా మన కొట్లవాళ్ళు చేస్తే ఎంగేజ్.

ఆర్డర్లు తొమ్మిది. కాళ్ళకి మంచి వ్యాయామం.

నీరజ సలహా ఇచ్చింది: "మొహమాటపడతారు గనక నోటితో చెప్పలేరు. బోర్డు పెట్టండి." శభాష్! అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి గుమ్మానికి కట్టాను: పని వేళలు ఉ. 10 – సా. 4. దయచేసి అంతరాయం కలిగించవద్దు.

జులై 10, శుక్రవారం.

ఉ. 10.00 నుంచి మధ్యాహ్నం 1.00 దాకా పీపీ కాల్స్ పద్నాలుగు!

పుష్పవతి గారిని అడిగేశాను, బోర్డు చూడలేదా అని.

"చూడకపోవడమేంటి తమ్ముడూ! పది నుంచి నాలుగు అని రాశావుగా. అందుకే మా వాళ్ళందరికీ సరిగ్గా ఆ టైములోనే చెయ్యమని కబురు పెట్టా. ముందూ వెనకా చేసి నిన్ను ఇబ్బంది పెట్టకూడదు కదా. సందులో అందరికీ కూడా చెప్పా!"

ఎంత మంచి మనసు! ఏమనగలను? బోర్డు పీకేశాను. కానీ అప్పటికే అందరూ చదివేశారు.

జులై 11, శనివారం.

మ. 12.20. స్వయంగా చెన్నకేశవరావు గారి ఫోన్! "ఏమయ్యా గిరీషూ! వారం నుంచీ ఎప్పుడు చేసినా ఎంగేజే! ఇంత గిరాకీ ఉంటుందని నేననుకోలా. ఇలాగే కానీ!"

గుండె ఉబ్బిపోయింది. నిన్నటి ఆర్డర్లు ఐదే అని చెప్పబోయి, "అలాగే సార్" అన్నాను. లిస్టు రాసుకునేది గుమాస్తా. యజమాని సోమవారం గానీ చూడరు. ఈలోగా దున్నేస్తాను!

జులై 13, సోమవారం.

ఉ. 9.30. ఎదురింటి దశరథరామయ్య గారు పసుపు కుంకుమల పళ్ళెంతో సతీసమేతంగా వచ్చారు. శ్రావణంలో వాళ్ళమ్మాయి పెళ్ళి. మొదటి శుభలేఖ మాకే!

తిప్పి చూస్తే అడుగున అచ్చు వేయించారు: ఫోన్: పీపీ గిరీష్. పక్కన మా నంబరు.

"అడక్కుండా వేయించానని ఏవనుకోకు నాయనా. ఆరొందల కార్డులే. నువ్వు మా ఇంటివాడివేగా."

ఆరొందల ఇళ్ళలో నా పేరు అచ్చులో! మా నాన్న పేరు కూడా ఇంతవరకు అచ్చులో పడలేదు. లహరికి చూపించాను. అది పసుపు చుక్క నాకేసింది.

సా. 4.40. చెన్నకేశవరావు గారు లిస్టు చూసి ఫోన్ చేశారు.

"ఆర్డర్లేవయ్యా?"

"ఆషాఢం కదా సార్, జనం ఏమీ కొనరు."

"ఆషాఢంలో స్నానాలు కూడా మానేస్తారా?"



జులై 15, బుధవారం.

సందు చివరింటి బసవయ్య గారికి మూడు లారీలు. డ్రైవర్లందరికీ మా నంబరు ఇచ్చేశారట. నాగపూర్, రాయపూర్, షోలాపూర్. దేశమంతా నాకు తెలిసిపోతోంది!

ఈనాటి కాల్స్: ముప్ఫై ఒకటి.
పెళ్ళివారివి: పదిహేను.
లారీలవి: ఏడు.
జాకెట్లవి: ఏడు.
నావి: రెండు. ఒకటి నీరజ, ఇంకోటి రాంగ్ నంబరు.

విశేషం: లహరి ఇప్పుడు ఫోనెత్తి "ఎవరు కావాలి? లైన్లో ఉండు, పిలుచుకొస్తా" అంటోంది. ఎంత ముద్దుగా అంటోందో! పని సగం తగ్గింది. ఇది కూడా ఒక రకం చదువే కదా.

జులై 16, గురువారం.

మధ్యాహ్నం నలభై నిమిషాలు కళ్ళు మూసుకుని ఆలోచించాను. కునుకు కాదు. గురక పెట్టానని పుష్పవతి గారు నీరజకి ఎందుకు చెప్పారో తెలీదు.

ఆర్డర్లు: రేపు చూడాలి.

జులై 18, శనివారం.

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

11.30కి నాగపూర్ నుంచి డ్రైవరు. ఐదు నిమిషాల్లో మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. నేను బసవయ్య గారి కోసం పరిగెత్తాను. ఈలోపు చెన్నకేశవరావు గారు చేశారు. లహరి ఎత్తింది. "నాన్న లారీ తాత కోసం వెళ్ళాడు. నువ్వు లైన్లో ఉండు" అని రిసీవరు బల్ల మీద పెట్టి, వాకిట్లోకి పోయి ఆడుకుంది. పాపం, పెద్దాయన లైన్లోనే ఉన్నారు.

బసవయ్య గారు వచ్చారు. రిసీవరు అందుకున్నారు. నేను నోరు తెరిచేలోపే మొదలెట్టారు.

"ఏరా! మళ్ళీ టైరు పేల్చావా? తాగి పడుకుని ఉంటావు! నీకు బండి ఇవ్వటం నాదిరా బుద్ధి తక్కువ! ఏంటీ? నువ్వు ఓనరువా? ఎవడికిరా ఓనరు! పేట రా, నీ సంగతి చెప్తా!"

తర్వాత రిసీవరు నా చేతికొచ్చింది. చెన్నకేశవరావు గారి గొంతు చాలా మెల్లగా ఉంది. "గిరీషూ, బుధవారం నుంచి స్కూటరెక్కు. లేకపోతే మానెయ్."

జులై 19, ఆదివారం.

నీరజ వాళ్ళమ్మకి కబురు చేసింది. లహరి గౌన్లు మడిచి సంచిలో పెడుతూ ఒక గౌనుని మూడుసార్లు విప్పి మూడుసార్లు మడిచింది. లహరి తన బొమ్మ కూడా తెచ్చి సంచిలో పడేసి, "నాన్న గౌను కూడా పెట్టు" అంది.

పెరట్లోకి పోయి ఏడ్చాను. అరవై ఇళ్ళ కబుర్లు మోశాను, నా పిల్లని ఇంట్లో ఉంచుకోలేకపోయాను. నా మొహమాటం మీద నాకే అసహ్యమేసింది.

జులై 21, మంగళవారం.

నిన్న అత్తయ్య గారు దిగారు. ఈరోజు రెండింటి బస్సుకి ప్రయాణం.

మ. 1.35. సంచీలు గుమ్మంలో ఉన్నాయి. లహరికి కొత్త చెప్పులు తొడిగాను. ఫోన్ మోగింది. నేను కదల్లేదు. మళ్ళీ మోగింది.

"అదేంటి అల్లుడు గారూ, మోగుతుంటే ఎత్తరేం?" అని అత్తయ్య గారే ఎత్తారు. పెళ్ళికొడుకు మేనమామ. దశరథరామయ్య గారి కోసం. "ఆయనెందుకండీ, విషయం నాతో చెప్పండి" అన్నారు ఈవిడ. విడిది గదులు చాలవని ఆయన గోల. అత్తయ్య గారు కుర్చీ లాక్కున్నారు.

2.00. బస్సు హారన్ వినిపించింది.

2.25. విడిది సమస్య తీరిపోయింది. వంటవాళ్ళని కూడా మార్పించేశారు!

"రేపు వెళ్దాంలే" అన్నారు. చెప్పులు విప్పేశాను.

జులై 23, గురువారం.

వెళ్ళలేదు! నిన్న రాయపూర్ డ్రైవరు భార్యాభర్తల తగువు. ఈరోజు పుష్పవతి గారి చెల్లెలి అత్తగారితో ఇరవై నిమిషాలు. ఎవరినీ పిలవడం లేదు, అన్నీ ఈవిడే తేల్చేస్తున్నారు. జనమే వచ్చి గుమ్మంలో నిలబడి, "సుబ్బమ్మ గారూ, మాకేమన్నా వచ్చిందా?" అని అడిగి పోతున్నారు.

సాయంత్రం చిన్నగా అన్నారు: "రెడ్డిగూడెంలో నాతో పలికే దిక్కెవరున్నారు అల్లుడు గారూ. గోడలే. అందుకే పిల్లని అడిగా." ఇన్నేళ్ళలో నాకీ సంగతి తట్టనే లేదు. సిగ్గేసింది.

లహరి ఎక్కడికీ వెళ్ళడం లేదు! చీరలు పంపమని అత్తయ్య గారు ఊరికి కబురు పెట్టేశారు!!

జులై 24, శుక్రవారం.

చెన్నకేశవరావు గారు ఆఖరి మాట చెబుదామని చేశారు. స్కూటరెక్కలేదుగా నేను. ఎత్తింది అత్తయ్య గారు. ఒకప్పుడు నలభై ఏళ్ళు సొంత కొట్లో కూర్చున్న మనిషి ఈవిడ. పావుగంట మాట్లాడారు. ఏం మాట్లాడారో చెప్పరు. ఇంటి ఉద్యోగానికి యజమాని ఇంకో పదిహేను రోజులు గడువిచ్చారట!

ఒకటే చిక్కు. ఇంట్లో ఫోన్ నాకు దొరకదు.

జులై 27, సోమవారం.

ఉ. 9.45. నీరజ ఉపాయం: మెయిన్ రోడ్డు మీద ఏలీయా ఎస్టీడీ బూత్. గాజు గది, ఫ్యాను, లైను ఖాళీ. లహరికి టాటా చెప్పి బయల్దేరాను. ఇంటి ఉద్యోగానికి!

10.00 – 11.30. పదకొండు ఆర్డర్లు. ఎంత ప్రశాంతంగా ఉందో! ఎవరూ ఒళ్ళో కూర్చోలేదు.

ఎవరూ ఒళ్ళో కూర్చోలేదు.

11.35. ఊరికే ఇంటికి చేశాను. ఆరుసార్లు ఎంగేజ్. ఏడోసారి లహరి ఎత్తింది.

"ఏం చేస్తున్నావు బంగారూ?"

"నాన్న కోసమా? నాన్న లేడు. నువ్వు లైన్లో ఉండు. పిలుచుకొస్తా."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత దాని గొంతు. "నాన్నా! ఫోన్!" వాకిట్లో ఒకసారి. "పుష్పవతత్తా, మా నాన్న ఉన్నాడా? ఫోనొచ్చింది!" ఇంకొంచెం దూరంగా. "తాతా, మా నాన్న కనపడ్డాడా?" ఇంకా దూరంగా. తర్వాత వినపడలేదు.

ఆర్డరు పుస్తకం అక్కడే వదిలేశాను. "పెట్టెయ్యకు, లైన్లో ఉండు!" అని రిసీవరు ఏలీయా చేతిలో పెట్టి, నడి రోడ్డు మీద చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. సందు చివర లారీ పక్కన నిలబడి ఉంది, కాళ్ళకి చెప్పులు లేకుండా. నన్ను చూడగానే కోప్పడింది. "ఎక్కడికి పోయావు? నీకు ఫోనొచ్చింది!"

చంకనెత్తుకుని ఇంట్లోకి తెచ్చాను. రిసీవరు అందుకున్నాను.

"గిరీష్ గారి కోసమాండీ?" అంటున్నాడు ఏలీయా. "ఇక్కడ లేరండీ. ఎవరో పిలిస్తే పరిగెత్తుకుంటూ వెళ్ళారు."

"ఎవరు నాన్నా?" అంది లహరి.

"ఎవరో ఒకాయన."

"ఏమన్నాడు?"

"రేపటి నుంచి పదింటికల్లా ఇంట్లోనే ఉంటాట్ట. కచ్చితంగా."

"సరే, పెట్టెయ్," అంది నా ఒళ్ళో సర్దుకుని కూర్చుంటూ. "పెళ్ళివాళ్ళు చేస్తారు."