ఎముకలో ఇనుమున్న కోడలు

అనంతగిరి,
ఫిబ్రవరి 1927

ప్రియమైన నా భర్త యోనా గారికి లిదియా వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, అత్త, మన మేకలు అందరం కులాసా. అస్సాం తేయాకు తోటలో మీరూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

మీరు అడిగినవాటికి జవాబులు. సామలు బాగానే పండాయి. కందికోత రోజుల్లో తప్ప బడికి పిల్లలు వస్తున్నారు. మీ అమ్మ నాతో పోట్లాడుతోందా అని అడిగారు. పోట్లాడకపోతే ఆమెకు అంబలి దిగుతుందా?

ఇక కాలు సంగతి. చింతచెట్టు మీంచి పడినప్పుడు మిషను ఆసుపత్రిలో నా కాలి ఎముకకు ఇనుప బద్ద వేసి మరమేకులు బిగించారు కదా. ఇనుమున్న చోటికి దెయ్యం రాదని బాలింత మంచం కింద కొడవలి పెట్టే ఊరు మనది. ఎముకలోనే ఇనుమున్న కోడలంటే మీ అమ్మకు ఎంత గొప్పో! ఎక్కడ బిడ్డ పుట్టినా నన్ను లాక్కుపోయి బాలింత పక్కన కూర్చోబెట్టేది. నేను ప్రార్థన చేస్తుంటే ఆమె అందరికీ నా కాలు చూపించేది.

వానాకాలంలో ఆ కాలు వాచింది. పుండు పడి నల్లటి రసి కారింది. సంతకు వచ్చిన మిషను డాక్టరమ్మ చూసి, "ఎముక ఎప్పుడో అతుక్కుంది. లోపల ఇనుము తుప్పు పట్టి మరమేకులు వదులయ్యాయి. ఇప్పుడు ఇనుము తీయకపోతే రేపు కాలే తీయాలి" అన్నారు.

మీ అమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "తీయించీసినావంటే దెయ్యాలు నిన్ను బతకనిత్తాయేటే గుంటా?" అని ఒకటే ఏడుపు.

నాకు ఒళ్లు మండింది. "ఇనుము లేని కోడలు కావాలా అత్తా, కాలు లేని కోడలు కావాలా?" అన్నాను.

మీ అమ్మ కళ్లు తుడుచుకుని, "ఆ ఇనుము నా సేతికి తెచ్చియ్యాల. బేగి ఎల్లు" అంది. తానే మీ తమ్ముడు గాసి చేత డోలీ కట్టించింది.

ఒక సంగతి దాచాను. "కాలు కులాసా" అని కిందటి ఉత్తరం రాశానే, అది ఆసుపత్రి మంచం మీద, ఆపరేషనుకు ముందు రాసింది. మీరు పని వదిలి పరుగెత్తుకొచ్చి నన్ను ఒంటికాలితో చూస్తారేమోనని నా భయం. కోప్పడకండి.

కాలు నిలిచిందండీ! పుండు మానింది. మొన్న ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ, శృంగవరపుకోట నుంచి ఘాటీ కొండదారి అంతా నడిచే ఎక్కాను. కర్ర లేదు, డోలీ లేదు. తోడు వచ్చిన గాసే సగం దారిలో, "ఆగొదినా, ఆయాసమొత్తంది" అని కూలబడ్డాడు. పడీ పడీ నవ్వాను.

ఇంటికి వస్తే ఊరంతా మన వాకిట్లోనే ఉంది. మూట విప్పి బద్దను అత్త చేతిలో పెట్టాను. అంచులు గుంటలు పడ్డాయి, మరమేకులు అరిగి సన్నబడ్డాయి. మీ అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, ఆ బద్దను పైకెత్తి అరిచింది.

"సూడండర్రా! ఇనుమునే తినీసింది నా కోడలు! ఇక దీన్ని ఏ దెయ్యం ముట్టుకుంటాదో రమ్మనండి!"

అది తుప్పు అత్తా అని చెప్పబోయాను. వింటేగా! అప్పటికే పక్కింటి గంగకు నొప్పులు వస్తున్నాయని నన్ను లాక్కుపోయారు. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా కులాసా.

మీరు పని మానకండి. చైత్ర పండుగకు సెలవు దొరికితే రండి. శృంగవరపుకోటకు నేనే ఎదురొస్తాను. మీ పెట్టె నా నెత్తిన పెట్టి, ఘాటీ ఎలా ఎక్కుతానో వెనక నుంచి చూద్దురు గాని.

ఇట్లు,
ఇనుము తిన్న మీ ఇల్లాలు
లిదియా