నన్ను చూసి ఆగిపోకు నాన్నా

నాన్నా,

అన్నం గిన్నెలో ఉంది, వేడిగా ఉండగానే తినేయి. మధ్యాహ్నంలోపు పెదనాన్నకు ఫోన్ చేసి, వాళ్ల ఊళ్లో లేత్ మిషన్ పనికి వస్తున్నానని చెప్పు.

నీ వర్క్‌షాప్ మూతపడి ఏడు నెలలైంది. ఎవరడిగినా "మా అమ్మాయి ఒక్కతే ఉండలేదు" అంటున్నావు. నిన్న నువ్వు "వెళ్లనా?" అని అడిగితే పుస్తకం తీసుకుని అరుగు మీదికి వెళ్లిపోయాను. అందుకే రాస్తున్నాను. వెళ్లు. పిన్ని రోజూ వచ్చి నాకు తోడు పడుకుంటానంది. నా పరీక్షలకు నువ్వుండి చేసేదేముంది, పక్కన కూర్చుని ఆవులించడం తప్ప!

బడికి టైమైంది.

మర్చిపోయాను, నీ బట్టల సంచిలో నీ కంచం కూడా సర్దేశాను. మొన్న పని వెతుక్కుంటూ రెండు రోజులు వెళ్లావు కదా, ప్రతి పూటా అలవాటుగా రెండు కంచాలూ పెట్టేశాను.