కిలియన్ బావ పక్క చోటు

ఓబర్‌ఆఖ్,
31 అక్టోబర్ 2018

ప్రియమైన వాల్‌బుర్గా అక్కకు,

నిన్ను దేవుడు చల్లగా చూడాలని కోరుకుంటూ తమ్ముడు లియోన్‌హార్డ్ రాసేది.

ముందుగా నా కోడిగీతలకు, తప్పులకు మన్నించు. ఊరి బడిలో నేర్చిన నాలుగు ముక్కలే.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చావని మీ అమ్మాయి ఫోన్లో చెప్పింది. డాక్టర్లు వసంతం దాకా అన్నారని కూడా చెప్పి ఏడ్చింది. నువ్వు అడిగినవి రెండే. పాసౌ వెళ్లి ఊరెలా ఉందో చూసి రాయమన్నావు. కిలియన్ బావ సమాధిలో, ఆయన పక్కన నీకని ఉంచిన చోటు ఎలా ఉందో చూసి రాయమన్నావు. నిన్న వెళ్లాను.

మూడు నదులూ అలాగే ఉన్నాయి. ఇన్ పచ్చగా, డాన్యూబ్ మట్టిరంగులో, మన ఇల్జ్ నల్లగా. అవి కలిసే మూల దాకా నడిచాను. ఇల్జ్ ఒడ్డున మీరున్న ఇంటికి పసుపు రంగు వేశారు. వరద ఎంత ఎత్తుకు వచ్చిందో చూపే గోడ గీతల మీద మాత్రం వెయ్యలేదు. నిన్ను ఊరు విడిపించిన 2013 గీత పై అంతస్తు కిటికీ అంచున ఉంది. నేను కింద నిలబడి టోపీ తీసి చూస్తుంటే, ఆ కిటికీలోంచి ఒకావిడ, నీళ్లు ఎప్పుడో పోయాయి తాతా, ఇక భయం లేదు, ఇంటికెళ్లు అంది. నవ్వాను. నువ్వైతే దీటుగా ఏదో ఒకటి అనేదానివి.

పన్నెండింటికి పెద్ద చర్చిలో ఆర్గన్ మోగింది. బూట్లకు బురద ఉందని లోపలికి పోకుండా మెట్ల మీదే కూర్చుని విన్నాను. మా పడవ కూత కన్నా కాస్త నయం అనేవాడు పడవ నడిపే రోజుల్లో బావ.

తర్వాత సమాధులున్న గుట్ట ఎక్కాను. సకల పునీతుల పండుగ రేపే కదా, అందరూ సమాధులు కడిగి పూలు పెడుతున్నారు. గేటు దగ్గర దీపాలమ్మే ఆవిడ, ఒక్క దీపానికి ఇంత ఆలోచనా పెద్దాయనా, అయినా నిదానంగా చూసుకో, లోపలున్న వాళ్లకి తొందరేం లేదులే అంది. ఎర్ర గాజు దీపం తీసుకున్నాను. వెలిగించాను. గాలి ఉన్నా ఆరలేదు.

ఇక్కడ చలి మొదలైంది. కట్టెలు చీల్చి పేర్చాను. మందులు మానకు.

నీ తమ్ముడు
లియోన్‌హార్డ్

తా.క. కవరు అంటించి, మళ్లీ చింపాను. నీ రెండో మాటకు జవాబు రాయలేదు.

అక్కా, బావ సమాధి లేదు. ఆ చోట వేరే వాళ్ల పేరుతో కొత్త రాయి ఉంది. దీపం వాళ్లకే పెట్టి వచ్చాను. మట్టి బండి తోస్తున్న పనివాడిని అడిగాను. ఇక్కడ సమాధి చోటు అద్దెకే ఇస్తాం, ఆ ఇరవై ఏళ్ల గడువు 2016లోనే అయిపోయింది పెద్దాయనా, పొడిగించమని ఎవరైనా వచ్చి అడగాలి కదా, పాత ఇంటికి ఉత్తరాలు వేస్తే తిరిగొచ్చాయి, ఆఖరికి రాయి మీద కాగితం అంటించాం, అదీ ఎవడో పీకేశాడు అన్నాడు.

పీకింది నేనే. ఆ ఏడు పండుగకు వెళ్తే రాయి మీద కాగితం ఉంది, ఆఫీసుకు వచ్చి కలవమని. గడ్డి పెరిగిపోయిందని మందలింపు అనుకున్నాను. అటూ ఇటూ పోయేవాళ్లు చదువుతున్నారు. సిగ్గేసింది. గోటితో గీకి తీసేసి, గడ్డంతా పీకి, వచ్చేశాను. ఆఫీసు గేటు పక్కనే ఉంది. లోపల ఏం మాట్లాడాలో తెలియక వెళ్లలేదు. సమాధి చూసుకోమని నువ్వు నమ్మి నాకు అప్పజెప్పావు, అయినా కాగితం సంగతి నీకూ చెప్పలేదు. మరుసటి ఏడు తుంటి విరిగి అసలు వెళ్లలేకపోయాను.

మన ఊళ్లో అమ్మ పక్కన నాకని ఉంచిన చోటు ఉంది. అది నువ్వు తీసుకో. బావ లేని చోటని నాకు తెలుసు. వద్దంటే వద్దని రాయి. తిట్టాలనిపిస్తే తిట్టు. కానీ తొందరగా రాయి అక్కా.